దిక్కు తెలియని చదువు

ప్రతి సంవత్సరము ఉగాది పండుగకు మన తెలుగు సంఘముల వేదికలపై పిల్లలు పద్యములు చదువుదురు, నాట్యము చేయుదురు, వేమన పద్యములు నాలుగు తడబడక అప్పగించి బహుమానములు పుచ్చుకొందురు. తల్లిదండ్రులు చూచి ఆనందింతురు. ఆ ఆనందమును కాదను అధికారము నాకు లేదు. ఐనను, బహుమానము పుచ్చుకొని వేదిక దిగివచ్చు బాలుని ఎవరైనను చేరదీసి, "నాయనా, మన మైలాపూరునుండి నెల్లూరు ఏ దిక్కున నున్నది?" అని అడిగి చూడుడు. మొదట తల్లి ముఖము వంక చూచును. పిదప ఆమె చేతిలోని ఫోను వంక చూచును. పినాకిని యనగా ఏ నదియో అడుగనే అక్కరలేదు. కృష్ణవేణి యనగా మన పిల్లలకు ఎవరో పెద్దమ్మగారి పేరు.

భాష యనగా పద్యము, పండుగ, పిండివంట అని మనమొక నిర్ణయమునకు వచ్చినట్లున్నది. నేల, నీరు, గాలి, దూరము, ఎత్తు, పల్లము అను వీనిని గూర్చి తెలిసికొనవలసినదంతయు ఆంగ్లమునకు అప్పగించితిమి. తెలుగును పూజాగృహమున నిలిపి దీపము వెలిగించి, లోకజ్ఞానము మాత్రము మరియొక భాషలో సంపాదించుకొమ్మని పిల్లలకు చెప్పుచున్నాము. ఇట్లు నిలుపబడిన భాష ఎన్ని తరములు బ్రతుకునో ఆలోచింపవలసినవారు మన సంఘముల పెద్దలే. కావున నా వాదమును సూటిగ చెప్పెదను. పద్యముల పోటీలకు వెచ్చించు శ్రమలో నాలుగవ వంతు తీసి, మన పిల్లలకు పటము చదువుట నేర్పవలెను, తెలుగున నేర్పవలెను, మైలాపూరులోనే, మైలాపూరునే పాఠ్యపుస్తకముగ జేసికొని నేర్పవలెను.

"ఫోను ఉండగా పటమెందులకు?" అని వెంటనే ప్రశ్న వచ్చును. ఫోనులోని పటము మంచి సాధనమే. కాని దానిని మనము వాడు తీరు చూడుడు. ఎడమకు తిరుగుమనును, తిరుగుదుము. మూడువందల మీటర్ల పిదప కుడికి తిరుగుమనును, తిరుగుదుము. గమ్యము చేరుదుము గాని వచ్చిన దారి యేదో మనకు తెలియదు. పైగా మనము తిరిగినపుడెల్ల ఆ పటము కూడ మనతో తిరుగును. నడుమ నిలిచిన నీలిచుక్క మనము. మన చుట్టు లోకము గిరగిర తిరుగుచుండును. టాలెమీ భూమిని విశ్వమునకు నడుమ నిలిపెనని నవ్వుకొనుచున్నాము గదా! మన ఫోను అంతకు మించిన పని చేసి మన అబ్బాయినే నడుమ నిలిపినది. పటము చదువుటకు మొదట చేయవలసిన పని తన్ను నడుమనుండి తొలగించుకొనుట. ఉత్తరమును పైనుంచి, కదలక నిలిచియున్న ఆ లోకములో తానెచ్చట నున్నాడో వెదకికొనవలెను.

2015 డిసెంబరు 1, 2 తేదీలలో అడయారు నది పొంగి నగరములోనికి వచ్చినపుడు చాల పేటలలో విద్యుత్తు పోయినది, ఫోనులు పలుకలేదు. నీరు ఏ వీథినుండి ఏ వీథికి దిగును, ఏ వైపు మెరక, ఏ వైపు పల్లము అను జ్ఞానము ఆ రాత్రి ఎందరికి అక్కరకు వచ్చినది? ఈ నగరము సముద్రమట్టమునకు సగటున ఆరేడు మీటర్ల యెత్తున నున్న చదునునేల. ఇట్టి చోట రెండడుగుల తేడా స్వల్పమైనది కాదు. ఒక ఇంట పొయ్యి వెలుగుటకును పొరుగింట మంచములు తేలుటకును అదియే కారణము. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయమున సునామీ మన శాంథోము తీరమును తాకినది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను ఈ నగరమును ముంచెత్తి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరము దాటినది. తుఫాను బయలుదేరినపుడెల్ల వాతావరణశాఖవారు దాని స్థానమును అక్షాంశ రేఖాంశములలో ప్రకటింతురు. ఆ రెండు అంకెలు విని పటముమీద వ్రేలుంచగల బాలుడు ఒక్కడు ఇంట నున్నచో, ఆ ఇంటివారు ప్రతి పుకారునకును ఉలికిపడనక్కరలేదు. మైలాపూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు కొంచెము పైన, 80 డిగ్రీల 16 నిమిషముల తూర్పు రేఖాంశమున నున్నది. ఈ సంగతి ఎందరు పెద్దలకు తెలియునో చెప్పలేను. పిల్లల మాట అటుంచుడు.

పాఠశాలలు ఈ పని చేయుచున్నవి గదా యనవచ్చును. చేయుచున్న తీరు మనమెరుగనిది కాదు. పదవ తరగతి పరీక్షలో సాంఘికశాస్త్రమున పటమునకు మార్కులు కలవు. ఆ మార్కులకొరకు బాలుడు హద్దులు మాత్రము గీసియున్న కాగితమును ముందుంచుకొని, ఇచ్చట చుక్క పెట్టినచో ముంబయి, ఇచ్చట గీత గీసినచో నర్మద అని పదేపదే దిద్దును. దీనిని పటము చదువుట యనరాదు. ముగ్గు దిద్దుట యనవలెను. ముగ్గునకైనను చుక్కల లెక్క తెలియవలెను! కొలబద్ద యేమి చెప్పుచున్నదో, పటముమీది ఒక సెంటీమీటరు నేలమీద ఎంత దూరమగునో, గోధుమరంగు గీతలు ఒత్తుగ నున్నచో వాలు ఏల నిటారుగ నుండునో, ఎడముగ నున్నచో ఏల తగ్గునో అడుగువారు లేరు. ఉపాధ్యాయులను నిందించుట నా ఉద్దేశము కాదు. పరీక్షలో రాని దానిని నేర్పుటకు వారికి గంట ఒప్పుకొనదు. సంఘములకు అట్టి గంట లేదు గదా!

ఇంతకును, దిక్కులు తెలియని జాతి కాదు మనది. మన ఇండ్లలో ఏ శుభకార్యము జరిగినను పురోహితుడు మొట్టమొదట సంకల్పము చెప్పించును. కాలముతోపాటు స్థలమును చెప్పించును. పెద్ద ద్వీపమునుండి వర్షమునకు, వర్షమునుండి ఖండమునకు దిగివచ్చి, శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నాము, ఏ రెండు నదుల నడుమ నున్నాము అని పలికించి, తుదకు కర్త కూర్చున్న గృహమునకు వచ్చును. పెద్ద పటమునుండి చిన్న పటమునకు దిగుట, కదలని గుర్తొకటి నిర్ణయించుకొని దానినుండి దిక్కు చెప్పుట, రెండు జలరేఖల నడుమ స్థానమును బిగించుట — సర్వేయరు చేయు పని యంతయు ఇందు కలదు. ఏ తరమున ఎవరు కూర్చినదైనను, ఆ కూర్పు చేసినవానికి పటజ్ఞానము లేదని ఎవరనగలరు?

మరి మైలాపూరులో పీటలమీద కూర్చున్న మనము శ్రీశైలమునకు ఏ దిక్కు చెప్పుకొనవలెను? పటము తీసికొని చూతము. శ్రీశైలము 16 డిగ్రీల అక్షాంశమునకు కొంచెము పైన, 78 డిగ్రీల 52 నిమిషముల రేఖాంశమున నున్నది. మైలాపూరు దానికి దక్షిణముగ 3 డిగ్రీలు, తూర్పుగ 1 డిగ్రీ 24 నిమిషములు. అక్షాంశమున ఒక డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. కనుక దక్షిణమునకు 335 కిలోమీటర్లు వచ్చును. రేఖాంశపు డిగ్రీ ధ్రువముల వైపు పోవుకొలది కుంచించుకొనిపోవును; మన ప్రాంతమున అది 107, 108 కిలోమీటర్లు; కనుక తూర్పునకు 150. అనగా మనము శ్రీశైలమునకు ఆగ్నేయమున, తిన్నగ కొలిచినచో సుమారు 370 కిలోమీటర్ల దూరమున నున్నాము. అదియు దక్షిణమునకు మిక్కిలి ఒరిగిన ఆగ్నేయము. ఇంకొక రెండు డిగ్రీల కోణము ఒరిగినచో దక్షిణమనియే చెప్పవలసివచ్చెడిది. నదుల సంగతికి వచ్చినచో కృష్ణకును కావేరికిని నడుమ నున్నాము. ఇంకను దగ్గరగ చెప్పవలెనన్నచో పెన్నకును పాలారునకును నడుమ.

ఈ లెక్క కట్టుటకు హైస్కూలు చదువు చాలును. ఐనను, వ్రతమునాడు పురోహితుడు గోదావరి తీరమున అలవాటైన ఈశాన్యమును మైలాపూరులో చదివినచో, పీటలపై నున్న గృహస్థునకు అనుమానమైన కలుగునా? అదే గృహస్థుడు స్థలము కొనునపుడు ఈశాన్యము పెరిగినదా, నైరృతి తెగినదా యని దిక్సూచి పట్టుకొని మూలమూలకు తిరుగును. వాస్తుకు పనికివచ్చు దిక్సూచి చదువునకు పనికిరాకపోవుట విచిత్రము.

మైలాపూరువంటి భూగోళ పాఠశాల వెదకినను దొరకదు. కపాలీశ్వరుని కోవెల చుట్టునున్న మాడవీథుల పేర్లే ఒక పటము: ఉత్తరమాడ, దక్షిణమాడ, తూర్పుమాడ. పడమటి వీథి మాత్రము రామకృష్ణమఠము రోడ్డను పేర వ్యవహరింపబడుచున్నది. సుమారు 37 మీటర్ల యెత్తుగల తూర్పు గోపురము చాల దూరమునకు గుర్తు చెప్పును. స్వామి మాత్రము పడమటి ముఖముగ, కోనేటివైపు చూచుచున్నాడు. దేవుడు తూర్పునకే చూచునని అనుకొని దిక్కులు లెక్కించు బాలుడు ఇచ్చట పొరపడును. మంచి ఉపాధ్యాయుడు అచ్చటనే మొదటి పాఠము ప్రారంభింపవలెను. ఊహ వదలి సూర్యుని చూచి దిక్కు తెలిసికొనుమని కోనేటి గట్టుమీద నిలిపి చెప్పవలెను. దక్షిణ శబ్దమునకు కుడి యను అర్థము కలదు. తూర్పు ముఖముగ నిలిచినవానికి కుడిచేయి వైపు దక్షిణ దిక్కు. స్వామిని కుడివైపున నుంచుకొని తిరుగుట ప్రదక్షిణము. పటమున ఉత్తరము పైనుండుట ఒక ఏర్పాటు మాత్రమే యనియు, మన పూర్వుల మనస్సులోని పటమునకు తూర్పే ముందనియు ఈ ఒక్క మాట విప్పి చెప్పినచో తెలియును.

మన తమిళ సోదరులు తూర్పును కిళక్కు అనియు, పడమరను మేర్కు అనియు అందురు. కీళ్ అనగా క్రింద, మేల్ అనగా పైన. పడమట కనుమలు, తూర్పున సముద్రము. నేల వాలు ఆ రెండు పదములలో ఇమిడియున్నది. గోదావరి, కృష్ణ, పెన్న, పాలారు, కావేరి ఇవన్నియు పడమటినుండి తూర్పునకే ఏల ప్రవహించుచున్నవో ఈ మాటలతో చెప్పినచో బాలుడు మరువడు. రెండు భాషల నడుమ పెరుగుట వలన మన పిల్లలకు గల లాభమిది. హైదరాబాదులో పెరుగు తెలుగు పిల్లలకు ఇది అంత సులభముగ దొరకదు.

కోవెలకు కొద్ది దూరముననే, ఎత్తుగ కట్టిన రైలుమార్గపు స్తంభముల నడుమ ఒక నల్లని కాలువ కలదు. మన పిల్లలు ముక్కు మూసికొని దానిని దాటుదురు. అది బకింగుహాము కాలువ. కూవము, అడయారు నదులను కలుపు ఈ భాగము 1876-78 సంవత్సరముల గొప్ప కరవు కాలమున కూలి పనిగ త్రవ్వింపబడినది. దక్షిణమున మరక్కాణము మొదలుకొని ఉత్తరమున పెదగంజాము వరకు సుమారు 420 కిలోమీటర్లు. అచ్చట కొమ్మమూరు కాలువను కలిసికొని కృష్ణా డెల్టాకు, ఏలూరు కాలువ ద్వారా గోదావరికి, తుదకు కాకినాడకు జలమార్గమేర్పడెను. నెల్లూరు సీమ ధాన్యము, కట్టెలు, ఉప్పు పడవలమీద ఈ దారినే మదరాసునకు వచ్చెడివి. మన తాతల ఊళ్లకును మన వీథికిని నడుమ నిలిచిన ఆ నీటిదారి మురుగుకాలువగ మారినది. అది వేరొక విషాదము. కాని అది ఎచ్చటనుండి ఎచ్చటకు పోవుచున్నదో కూడ తెలియకపోవుట మన చేతులార చేసికొన్నది.

ఇంటి కొళాయిలోని నీటి సంగతియు అట్టిదే. ఈ నగరమునకు కృష్ణాజలములనుండి 15 టి.ఎం.సి. ఇచ్చుటకు మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములు 1976లో ఒడంబడిక చేసికొన్నవి. తలకొక 5 టి.ఎం.సి. త్యాగము. ఆ నీరు 1996లో మొదటిసారి పూండి జలాశయమును చేరినది. దాని దారిని పటముమీద వ్రేలితో అనుసరించి చూడుడు. శ్రీశైల జలాశయమునుండి పోతిరెడ్డిపాడు వద్ద బయలుదేరును. వెలుగోడు, బ్రహ్మంగారిమఠము జలాశయములు దాటి పెన్నమీది సోమశిలకు వచ్చును. అచ్చటనుండి కండలేరునకు, కండలేరునుండి 177 కిలోమీటర్ల కాలువ ద్వారా కొసస్తలై యేటిమీది పూండికి దిగును. కృష్ణా పరీవాహమును విడిచి పెన్నా పరీవాహములోనికి, దానిని విడిచి మన పరీవాహములోనికి! రెండు నదుల పరీవాహములను విడదీయు మెరకకు జలవిభాజకమని పేరు. ఈ మాటను పుస్తకమున చదివిన బాలునకు అదొక నిర్వచనము. పటముమీద ఈ కాలువను అనుసరించిన బాలునకు, తాను త్రాగు నీరు ఎక్కి దిగి వచ్చిన మెట్టు. సంకల్పమున శ్రీశైలమును తలచుట యేల యని అడిగినచో మైలాపూరు బాలుడు కొళాయి చూపి సమాధానము చెప్పవచ్చును.

ఇంకొక సంగతి. లజ్ ప్రాంతమున నాగేశ్వరరావు పంతులుగారి పేర ఉద్యానవనము కలదు, పిల్లలు ఆడుకొనుచున్నారు. కాశీనాథుని వారి శ్రీబాగ్ గృహము ఆ చెంతనే యుండెను. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు అచ్చట కూర్చుండి చేసికొన్న ఒడంబడికలో ముఖ్యాంశమొకటి నీటిని గూర్చినది. తుంగభద్ర, కృష్ణ, పెన్నల నీటి వినియోగమున పది సంవత్సరములు రాయలసీమకును నెల్లూరునకును ప్రాధాన్యమీయవలెనని వారంగీకరించిరి. ఏ పొలము ఏ నదికి ఎగువనో, ఏది దిగువనో తెలియనివారు ఆ పత్రమును చదివినను అర్థము కాదు. తెలుగువారి రాజకీయ చరిత్రలో ఇంతటి ఘట్టము మన వీథిలో జరిగినది. దానిని విప్పి చెప్పుటకు కావలసినది ఒక పటము.

"తెలుగు పారిభాషిక పదములు కఠినము" అనునది రెండవ ఆక్షేపణ. అక్షాంశము కఠినమట, లాటిట్యూడ్ సులభమట! పదేండ్ల బాలునకు రెండును క్రొత్తవే. భేదమేమనగా, తెలుగుమాటను విప్పినచో లోపల తెలిసిన వస్తువు దొరకును. ద్వీపకల్పము అనగా దాదాపు ద్వీపమువంటిది. జలసంధి రెండు జలములను కలుపును. భూసంధి రెండు భూములను కలుపును. పీఠభూమి పీటవలె ఎత్తుగ, చదునుగ నుండు నేల. సమోన్నత రేఖ అనగా సమమైన ఎత్తుగల చోట్లను కలుపు గీత. మాటలోనే నిర్వచనము కలదు. ఇంగ్లీషు మాట వలదని నేననను. రెండును నేర్పుడు. మొదటిదానితో అర్థము తెలియును, రెండవదానితో పరీక్ష గడచును.

పండితులను కూడ ఒక మాట అనకతప్పదు. మన పాఠ్యగ్రంథములు సంస్కృత పదములను కూర్చుకొన్నంత శ్రద్ధగ మన రైతుల నోటి మాటలను కూర్చుకొనలేదు. నది నడుమ ఒండ్రు పేరుకొని లేచిన దీవిని గోదావరివారు లంక యందురు. ఆ లంక వరదకు మునుగును, తేలును, జరుగును. వట్టి ద్వీపమను మాటలో ఈ కదలిక యంతయు లేదు. చిన్న ప్రవాహమును ఒకచోట వాగు, రాయలసీమలో వంక, ఉత్తరాంధ్రమున గెడ్డ అందురు. కొల్లేటినుండి సముద్రమునకు పోవునది ఉప్పుటేరు. పోటువేళ ఉప్పునీరు ఎదురెక్కునని ఆ పేరే చెప్పుచున్నది. నది సముద్రమున కలియు చోటు మొగ. అడయారు మొగ మన మైలాపూరునకు దక్షిణపుటంచున నున్నది, ఇసుకమేట వేసి ఎన్నిమార్లు పూడుచున్నదో పోయి చూడవచ్చును. తమిళమున దానినే ముగత్తువారము, అనగా ముఖద్వారము అందురు. మెట్ట, మాగాణి, రేగడి, చౌడు, పర్ర, తిప్ప, కోన, కనుమ, చెలమ — ఇన్ని మాటలు గల భాషకు భూగోళము చెప్పు శక్తి లేదనుట ఎవరి అజ్ఞానము? మన ఇండ్లలోని వృద్ధులకు ఈ మాటలు ఇంకను తెలియును. వారున్నంత కాలమే ఈ పాఠమునకు గడువు.

పటములు గీయుట ఎక్కడనో దూరదేశమున జరిగిన పని యను భావము కూడ తొలగింపదగినది. మైలాపూరునకు పడమరగ, కొంచెము నైరృతికొరిగి, తొమ్మిది కిలోమీటర్లలోపున పరంగికొండ కలదు. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ ఆ కొండ చెంత ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలుచుటకు మొదలిడెను. ఆ ఒక్క రేఖమీద త్రికోణము, ఆ త్రికోణము అంచుమీద మరియొక త్రికోణము చొప్పున అల్లుకొనిపోయిన సర్వే తుదకు హిమాలయ శిఖరముల యెత్తులను లెక్కగట్టినది. ఆ కాలముననే కాలిన్ మెకంజీ వెంట దక్షిణదేశమంతయు తిరిగి స్థలచరిత్రలు, శాసనములు సేకరించినవారు ఏలూరు కావలి సోదరులు. బొర్రయ్య చిన్నవయస్సున 1803లో మరణించెను; లక్ష్మయ్య, రామస్వామి ఆ పనిని సాగించిరి. మెకంజీ 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యెను. తెలుగువారి చేయి లేనిచో ఆయన సంచయము అంతటిదయ్యెడిది కాదు.

మరి ఏనుగుల వీరాస్వామయ్యగారు? ఈ నగరపు సుప్రీం కోర్టులో ద్విభాషిగ నుండిన ఆ మహాశయుడు 1830 మే 18న బయలుదేరి కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. ఏ ఊరినుండి ఏ ఊరికెంత దూరము, దారి ఇసుకయా రేగడయా, ఏ యేరు దాటవలెను, దిగిన చోట అంగళ్లు కలవా లేవా యని దినదినము వ్రాసికొన్న గ్రంథమది. మన సంఘములు ఆయనకు జయంతులు జరుపుటకంటె, పిల్లలకు ఆ గ్రంథమును, ఒక పటమును, ఎఱ్ఱ పెన్సిలును ఇచ్చి తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగ ఆయన దారిని గీయుమని చెప్పినచో ఎక్కువ గౌరవము.

ఇక మూడవ ఆక్షేపణ సున్నితమైనది. "తమిళదేశమున నున్నాము. 2006 నాటి చట్టము ప్రకారము పిల్లలు తమిళము చదువుచున్నారు. ఇంగ్లీషు ఎట్లును తప్పదు. మూడవ భాషలో భూగోళమెందులకు? వేరు కుంపటి పెట్టినట్లు కాదా?" అని మంచివారే అడుగుచున్నారు. వారికి నా సమాధానము తమిళ పాఠ్యపుస్తకమును తెరచి చూడుమనుట. మన పీఠభూమి వారి పీడబూమి. మన జలసంధి వారి నీర్‌చందిలో సగము. అక్షాంశ రేఖాంశములు వారికి అట్చరేఖై, తీర్క్కరేఖై. ఒకటి తెలిసినవానికి రెండవది సగము దారి వచ్చియే యుండును. వేరు కుంపటి యను మాటకు తావెక్కడ?

పైగా ఈ పటజ్ఞానము మన స్థితిని మనకే తేటపరచును. 2011 జనాభా లెక్కలలో తమిళనాట నూటికి దాదాపు ఆరుగురు తెలుగు మాతృభాషగ వ్రాయించుకొనిరి. వీరిలో ఎందరికో ఆంధ్రదేశమున ఊరు లేదు. విజయనగర, నాయకరాజుల కాలముననే వారి పూర్వులు ఇటకు వచ్చిరి. "మీ సొంత ఊరేది?" అని అడిగినపుడు మన పిల్లలు సరిహద్దుకు ఆవలనున్న పేరొకటి వెదకుటకు తడుముకొననక్కరలేదు. సరిహద్దు సంగతియు పటమే చెప్పును. తిరుత్తణి 1953నుండి ఆంధ్రరాష్ట్రమున నుండెను. పటాస్కరు సిఫార్సులననుసరించి 1960 ఏప్రిల్ 1 మొదలు మదరాసు రాష్ట్రమున చేరినది. కొండ కదలలేదు, కోవెల కదలలేదు, అచ్చటి తెలుగు ఇండ్లవారు పెట్టె సర్దుకొనలేదు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ప్రాణములు విడిచిన ఇల్లు రాయపేట హైరోడ్డున మనకు నడకదూరముననే యున్నది. ఆ త్యాగము తరువాత గీయబడిన పటమున ఈ నగరము ఆంధ్రమున చేరలేదు. దానిని గూర్చి ఇంకను నిట్టూర్చువారు కలరు. నాకు ఆ నిట్టూర్పునందు ఆసక్తి లేదు. ఈ మైలాపూరు మనది. ఇచ్చటి నేల వాలు, ఇచ్చటి నీటి దారి మన భాషలో మన పిల్లలకు తెలిసినపుడే అది మనదగును.

ఏమి చేయవలెనో చెప్పక ఆక్షేపించువారు చాలమంది. ఆ పంక్తిలో చేరుట నాకిష్టము లేదు. సంఘ భవనమున నటుల చిత్రముల ప్రక్క తెలుగు అక్షరములతోనున్న దేశపటమొకటి, తమిళనాడు పటమొకటి వ్రేలాడదీయుడు. భారత సర్వేశాఖవారి 1:50,000 పటములను 2017నుండి దేశపౌరులు ఉచితముగ పొందవచ్చును. ఒక సెంటీమీటరునకు అరకిలోమీటరు. మన ప్రాంతపు పటమును తెచ్చి, అందు మన కోనేటిని పిల్లలచేత వెదకింపుడు. ఏప్రిల్ 25 ప్రాంతమునను ఆగస్టు 18 ప్రాంతమునను సూర్యుడు మధ్యాహ్నమున సరిగ మన నెత్తిమీదికి వచ్చును. ఆ రోజు మేడమీద కఱ్ఱ పాతి నీడ మాయమగుట చూపి అక్షాంశము చెప్పుడు. కాని గడియారమున పన్నెండు కొట్టునపుడు కాదు. మన దేశకాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశము కాకినాడ చెంతగ పోవుచున్నది. మైలాపూరు దానికి 2 డిగ్రీల 14 నిమిషములు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున మన సూర్యుడు తొమ్మిది నిమిషములు ఆలస్యము. కాకినాడలోని మేనత్త ఇంట ప్రొద్దు మనకంటె ముందు పొడుచుట ఏలనో అప్పుడు రేఖాంశము పాఠముగ తెలియును. ఆ ఋతువున సూర్యుని గమనములోని చిన్న హెచ్చుతగ్గులను పెద్దపిల్లలకు విడువవచ్చును.

తుదిగా మాడవీథుల పటమును పిల్లలే గీయవలెను. ఆదివారము తెల్లవారుజామున, పూలఅంగళ్ల సందడి మొదలుగాక ముందు, నలుగురేసి పిల్లలు ఒక్కొక్క వీథిని కొలువవచ్చును. దిక్సూచి ఇంటింట వాస్తుకొరకు కొన్నది ఉండనే యున్నది. ఇంకను కావలసినది ఒక నూరడుగుల తాడు. లాంబ్టన్ పరంగికొండ క్రింద పరచిన ఉక్కుగొలుసు పొడవు కూడ నూరడుగులే.